రిలీజ్ సంఖ్యను, చేంజ్‌లాగ్‌ను గిట్‌కు అప్పగించే ముందు

ప్రశ్న: మా సంస్థలో ముగ్గురం కలిసి 40 ఆర్‌పీఎం ప్యాకేజీలను (ఫెడోరా వంటి లినక్స్ వ్యవస్థలలో సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించడానికి వాడే కట్టలను) చూసుకుంటున్నాం. దాదాపు ప్రతి ప్యాకేజీకీ విడిగా ఒక గిట్ రిపాజిటరీ, అంటే ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే నిల్వ, ఉంది. అందులో ఫెడోరాకు ఒక బ్రాంచ్ (ఆ చరిత్రలో విడిగా సాగే శాఖ), ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8, 9లకు చెరొక బ్రాంచ్ ఉన్నాయి. ఎంత చిన్న మార్పు చేసినా మూడు చోట్లా రిలీజ్ సంఖ్య పెంచాలి, చేంజ్‌లాగ్‌లో (మార్పుల చిట్టాలో) ఒక పద్దు రాయాలి. ఒక బ్రాంచ్‌లోని మార్పును మరొకదానిలోకి తెచ్చిన ప్రతిసారీ సరిగ్గా ఆ రెండు చోట్లే కాన్‌ఫ్లిక్ట్ (రెండు మార్పులు ఢీకొని గిట్ ఆగిపోవడం) వస్తోంది. ఈ పనిని ఆటోమేట్ చేద్దామంటే మా సీనియర్ ఒప్పుకోవడం లేదు. చేంజ్‌లాగ్ అంటే మనం సంతకం పెట్టి ఇచ్చే కాగితం వంటిదనీ, దాన్ని యంత్రం చేత రాయించకూడదనీ ఆయన అంటున్నారు. రెండు ప్యాకేజీలకు మాత్రం సోర్సు కోడ్, స్పెక్ ఫైలు (ప్యాకేజీని ఎలా తయారుచేయాలో చెప్పే ఫైలు) ఒకే రిపాజిటరీలో ఉన్నాయి. మేం ఏం చేయాలి? — ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: మీ ఉత్తరం చదివాక నాకు అర్థమైనది ఏమిటంటే, మీరూ మీ సీనియరూ రెండు వేర్వేరు పనుల గురించి మాట్లాడుకుంటూ, ఒకే పని గురించి వాదించుకుంటున్నామని అనుకుంటున్నారు. రిలీజ్ సంఖ్యను పెంచడం లెక్క పెట్టే పని. చేంజ్‌లాగ్ రాయడం ఏం మారిందో, ఎందుకు మారిందో మరొక మనిషికి చెప్పే పని. మొదటిదాన్ని నిశ్చింతగా యంత్రానికి అప్పగించండి. రెండోదానిలో యంత్రం చేయగలిగింది మీరు ఒక చోట రాసిన మాటలను ఇంకొక చోటికి చేర్చడం మాత్రమే కాబట్టి, రాసే బాధ్యత మీ దగ్గరే ఉంటుంది. రాసే చోటు మాత్రం మారుతుంది.

ముందు సంఖ్య సంగతి చూద్దాం. రెండు ప్యాకేజీలలో ఏది కొత్తదో తేల్చడానికి ఆర్‌పీఎం మొదట ఇపాక్‌ను (వెర్షన్ల క్రమం మారితే ప్యాకేజీ చేసేవారు పెట్టే అదనపు అంకెను), తరువాత వెర్షన్‌ను, ఆ రెండూ సమానమైతే చివరగా రిలీజ్‌ను పోల్చి చూస్తుంది. వెర్షన్‌ను అసలు సాఫ్ట్‌వేర్ రాసినవారు నిర్ణయిస్తారు. అదే వెర్షన్‌ను మనం ఎన్నోసారి ప్యాక్ చేస్తున్నామో చెప్పేది రిలీజ్, అందుకే కొత్త వెర్షన్ రాగానే అది మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. ఆ అంకెకు ఇంతకు మించిన అర్థం లేదు. నిన్నటిదానికంటే నేటిది పెద్దదిగా ఉండాలి, ఒకే పేరు, వెర్షన్, రిలీజ్‌తో రెండు వేర్వేరు బిల్డులు (తయారైన ప్యాకేజీలు) ఉండకూడదు, అంతే. ఫెడోరా వాడే కోజీ బిల్డ్ వ్యవస్థ ఈ రెండో నియమాన్ని కచ్చితంగా పాటించి, ఒకసారి విజయవంతంగా పూర్తయిన బిల్డును అదే సంఖ్యతో మళ్లీ చేయడానికి నిరాకరిస్తుంది. ఆలోచన అక్కరలేని ఇటువంటి లెక్కను నెలల తరబడి చేత్తో చేయిస్తే మనుషులు తప్పక పొరపాటు చేస్తారు. అది వారి అశ్రద్ధ కాదు, పని స్వభావమే అటువంటిది.

మీరు చెప్పిన కాన్‌ఫ్లిక్టుల బాధ ఫెడోరా ప్యాకేజీలు చూసేవారందరూ ఏళ్ల తరబడి పడినదే. స్పెక్ ఫైలులో రిలీజ్ గీత ఒకటే, చేంజ్‌లాగ్ పైభాగం ఒకటే. ప్రతి మార్పూ ఆ రెండు చోట్లనూ తాకుతుంది కాబట్టి, వేర్వేరు బ్రాంచ్‌లలో జరిగిన రెండు మార్పులు అసలు విషయంలో ఒకదానికొకటి అడ్డం రాకపోయినా అక్కడ మాత్రం ఢీకొంటాయి. దీనికి పరిష్కారంగా వచ్చినదే ఆర్‌పీఎం‌ఆటోస్పెక్. 2021లో విడుదలైన ఫెడోరా 35 నాటికి దీన్ని అధికారికంగా వాడుకలోకి తెచ్చారు. 2023లో వచ్చిన ఫెడోరా 38 నుంచి ప్యాకేజీలకు ఇదే సిఫారసు చేసే పద్ధతి అయింది. స్పెక్ ఫైలులో రిలీజ్ ఎదురుగా అంకెకు బదులు %ఆటోరిలీజ్ అనీ, చేంజ్‌లాగ్ విభాగంలో పద్దులకు బదులు %ఆటోచేంజ్‌లాగ్ అనీ ఆంగ్లంలో రాస్తే చాలు. బిల్డు చేసే సమయంలో ఈ పనిముట్టు గిట్ చరిత్రను వెనక్కి చదువుతూ పోయి, వెర్షన్ చివరిసారి మారిన కమిట్‌ను (గిట్‌లో నమోదైన ఒక్కో మార్పును కమిట్ అంటారు) 1గా తీసుకుని, అక్కడి నుంచి ఇప్పటివరకు ఉన్న కమిట్లను లెక్కపెట్టి రిలీజ్ సంఖ్యను తేలుస్తుంది. అదే కమిట్ల శీర్షికలనూ, రచయితల పేర్లనూ, తేదీలనూ తీసుకుని చేంజ్‌లాగ్‌ను తయారుచేస్తుంది. తేదీ పక్కన వారం పేరు తప్పు రాసినందుకు ఆర్‌పీఎం ఇచ్చే హెచ్చరికలను మీరు చూసే ఉంటారు. కొత్త పద్దులకు అవి ఇకపై కనిపించవు.

మీ బృందంలో ఎవరైనా కంగారు పడగల విషయం ఒకటి ఉంది. ప్రతి కమిట్ తరువాతా మీరు బిల్డు చేయరు కాబట్టి బయటికి వెళ్లే రిలీజ్ సంఖ్యలు 1, 4, 5, 9 అన్నట్లుగా మధ్యలో ఖాళీలతో ఉంటాయి. ఇది లోపం కాదు. సంఖ్య పెరుగుతూ ఉంటే చాలు, వరుసగా ఉండనవసరం లేదు. అలాగే స్పెక్‌లో ఏమీ మారకపోయినా, ఒక లైబ్రరీ మారినందువల్ల ప్యాకేజీని మళ్లీ బిల్డు చేయవలసి వస్తే, ఫైళ్ల మార్పు ఏదీ లేని ఖాళీ కమిట్‌ను గిట్‌లో చేయాలి. చూడటానికి వింతగా ఉన్నా, ఫెడోరా తన ప్యాకేజీలన్నిటినీ మూకుమ్మడిగా రీబిల్డు చేసేటప్పుడు కూడా ఈ పద్ధతిలో ఉన్న ప్యాకేజీలకు ఖాళీ కమిట్లే చేస్తుంది.

ఇక మీ సీనియర్ మాటకు వస్తాను. ఆయన భయాన్ని నేను తేలికగా తీసుకోను. చేంజ్‌లాగ్‌ను ఎవరు చదువుతారన్నది ఆలోచిస్తే అది సంతకం వంటిదన్న ఆయన మాటలోని బరువు తెలుస్తుంది. ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో భద్రతా సవరణలను చాలావరకు వెర్షన్ మార్చకుండా పాత వెర్షన్‌లోకే వెనక్కి తెస్తారు. అందువల్ల వెర్షన్ అంకె ఒక్కటే చూసే భద్రతా స్కానర్ ఆ ప్యాకేజీలో ఇంకా లోపం ఉందని చెబుతుంది. అప్పుడు సర్వర్ చూసుకునే వ్యక్తి ఆర్‌పీఎం ఆదేశంతో ఆ ప్యాకేజీ చేంజ్‌లాగ్‌ను తెరిచి, సీవీఈ సంఖ్య (భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) అందులో ఉందా లేదా అని వెతుకుతారు. ఆడిటర్‌కు చూపించేదీ అదే. ఆ పద్దులో సంఖ్య లేకపోతే, సవరణ నిజంగా చేరి ఉన్నా చేరలేదనే అనుకోవలసి వస్తుంది. కాబట్టి చేంజ్‌లాగ్ అలంకారం కాదు, అది పనిచేసే పత్రం.

అయితే యంత్రానికి అప్పగించిన తరువాత ఆ పత్రం బాగుండటం, పాడవడం మీ కమిట్ శీర్షికల మీదే ఆధారపడి ఉంటుంది. "సరిచేశాను", "ఇంకో ప్రయత్నం", "టెస్ట్" వంటి శీర్షికలు ఇప్పటిదాకా మీ రిపాజిటరీలోనే ఉండిపోయేవి. ఇకపై అవి వినియోగదారుల కంప్యూటర్లలోని ప్యాకేజీలలోకి వెళ్తాయి. శీర్షిక రాసేటప్పుడు, ఆరు నెలల తరువాత అర్ధరాత్రి ఒక సర్వర్ ముందు కూర్చున్న మనిషి ఆ ఒక్క వాక్యం మాత్రమే చూస్తారని ఊహించుకోండి. "ప్యాచ్ చేర్చాను" అని రాస్తే ఆ మనిషికి ఏమీ తెలియదు. ఏ లోపానికి, ఏ సీవీఈ సంఖ్యకు, ఎక్కడి నుంచి తెచ్చిన ప్యాచో శీర్షికలోనే ఉండాలి. మామూలుగా కమిట్ శీర్షిక మాత్రమే చేంజ్‌లాగ్‌లోకి వస్తుంది, దాని కింది వివరణ రాదు. వివరణ కూడా రావాలంటే దాని మొదటి వాక్యాన్ని మూడు చుక్కలతో మొదలుపెట్టాలి. ఇది నాకు నచ్చిన ఏర్పాటు, ఎందుకంటే ప్యాకేజీ చేసేవారికి ఉపయోగపడే పొడుగాటి వివరణను వినియోగదారుడి మీద రుద్దకుండా కమిట్‌లోనే ఉంచుకోవచ్చు.

వినియోగదారుడికి ఏమాత్రం సంబంధం లేని కమిట్లు కూడా ఉంటాయి. టెస్టుల అమరిక మార్చడం, స్పెక్‌లోని వ్యాఖ్యలో అక్షరదోషం దిద్దడం వంటివి ఆ కోవకు చెందినవి. అటువంటి కమిట్ సందేశంలో చదరపు బ్రాకెట్ల మధ్య స్కిప్ చేంజ్‌లాగ్ అన్న రెండు మాటలను ఆంగ్లంలో రాస్తే, అది లెక్కలోకి వస్తుంది గానీ చేంజ్‌లాగ్‌లోకి రాదు. మీ సీనియర్ కోరే విచక్షణకు ఇక్కడ చోటుంది. ఏది చెప్పాలో, ఏది చెప్పనవసరం లేదో మనిషే నిర్ణయిస్తున్నాడు.

తప్పు శీర్షికతో కమిట్ వెళ్లిపోతే ఏమిటి అని ఆయన అడగవచ్చు, అడగాలి కూడా. పబ్లిష్ అయిన గిట్ చరిత్రను తిరగరాయడం దీనికి మార్గం కాదు. స్పెక్ పక్కనే చేంజ్‌లాగ్ అన్న పేరుతో ఒక ఫైలు ఉండవచ్చు. ఆ ఫైలును ఏ కమిట్‌లో మారుస్తామో, ఆ కమిట్ వరకు ఉన్న చరిత్రకు ఆ ఫైలులోని పాఠాన్నే యథాతథంగా తీసుకుంటారు, అక్కడి నుంచి ముందుకు మాత్రమే కమిట్ శీర్షికలను చదువుతారు. కాబట్టి ఇప్పటివరకు తయారైన చేంజ్‌లాగ్‌ను ఆర్‌పీఎం‌ఆటోస్పెక్ చేతనే ఆ ఫైలులోకి రాయించి, తప్పున్న వాక్యాన్ని చేత్తో దిద్ది కమిట్ చేస్తే సరిపోతుంది. తుది మాట మనిషిదే కావాలన్న మీ సీనియర్ పట్టుదలకు ఈ ఫైలు సూటిగా సమాధానం చెబుతుంది. ముందుగా దీన్నే ఆయనకు చూపించమని నా సలహా.

ఇతర లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు ఈ రెండు పనులనూ వేర్వేరుగానే చూశాయన్నది కూడా ఆయనకు చెప్పండి. ఓపెన్‌సూసేలో రిలీజ్ సంఖ్యను ఓపెన్ బిల్డ్ సర్వీసే తేలుస్తుంది, స్పెక్‌లో సాధారణంగా 0 అని రాసి వదిలేస్తారు; కానీ మార్పుల ఫైలును మనుషులే రాస్తారు. డెబియన్‌లో పరిస్థితి తలకిందులు. అక్కడ చేంజ్‌లాగ్ ఫైలులోని మొట్టమొదటి పద్దే ప్యాకేజీ వెర్షన్‌కు మూలం. బగ్ సంఖ్యను అందులో నియమం ప్రకారం రాస్తే అప్‌లోడ్ కాగానే ఆ బగ్ మూసుకుపోతుంది. అంత బాధ్యత ఉన్న ఫైలు కాబట్టి, గిట్-బిల్డ్‌ప్యాకేజ్‌లోని పనిముట్టు కమిట్ల నుంచి ముసాయిదా తయారుచేసి ఇస్తుంది, ప్యాకేజీ చూసేవారు దాన్ని చదివి, దిద్ది, విడుదల చేస్తారు. ముగ్గురి దారులూ వేరైనా, చదివే కన్ను లేకుండా మాటలను బయటికి పంపే దారి ఏదీ లేదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువగా హెచ్చరించదలచిన సంగతి. సంఖ్య గిట్ చరిత్ర నుంచి వస్తున్నదంటే, ఇకపై ఆ చరిత్రే మీ లెక్కల పుస్తకం. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట, ఇటువంటి లెక్కింపు మీద నడుస్తున్న ప్యాకేజీలో చిన్న చిన్న కమిట్లు గజిబిజిగా ఉన్నాయని వాటిని కలిపి ఒక్కటిగా చేసి, బ్రాంచ్‌ను బలవంతంగా తిరగరాశాను. అప్పటికి 14 దాకా వెళ్లిన రిలీజ్ సంఖ్య తరువాతి బిల్డులో 6 అయింది. బిల్డు సవ్యంగా పూర్తయింది, రిపాజిటరీలోకి చేరింది, ఎక్కడా ఎర్ర గీత కనిపించలేదు. కానీ సర్వర్లలో అప్పటికే 14 ఉన్నందున ప్యాకేజీలను ఎక్కించే డీఎన్‌ఎఫ్ ఆ కొత్త బిల్డును పాతదిగా భావించి ఒక్క సర్వర్‌లోనూ ఎక్కించలేదు. అందులో ఉన్నది భద్రతా సవరణ. పన్నెండు రోజుల తరువాత గానీ మాకు ఆ సంగతి తెలియలేదు. ఆ రోజుల గురించి తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధ కలుగుతుంది. అందుకే చెబుతున్నాను: ఈ పద్ధతికి మారే రోజునే, మీ గిట్ సర్వర్‌లో ఆ బ్రాంచ్‌లన్నిటికీ బలవంతపు పుష్‌ను, అంటే పంపిన చరిత్రను తిరగరాయడాన్ని, నిషేధించండి. ఫెడోరా తన ప్యాకేజీల గిట్‌లో దాన్ని అనుమతించడం లేదు.

అదే తప్పు ఇంకొక రూపంలోనూ వస్తుంది. చాలా సీఐ వ్యవస్థలు (మార్పు రాగానే తమంతట తామే బిల్డు, టెస్టు చేసేవి) సమయం ఆదా చేయడానికి రిపాజిటరీలోని చివరి కమిట్ ఒక్కదాన్నే దించుకుంటాయి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో సోర్సును తెచ్చే దశ మామూలుగా చేసేది ఇదే. చరిత్ర లేని చోట లెక్కించడానికి ఏమీ ఉండదు. మీ పైప్‌లైన్‌లో పూర్తి చరిత్రను దించుకునేలా లోతును 0గా అమర్చుకోండి.

మీ మూడు బ్రాంచ్‌ల విషయంలో ఒక ఇబ్బంది ఉంది. ప్రతి బ్రాంచ్‌లోనూ కమిట్ల సంఖ్య వేరైతే రిలీజ్ సంఖ్యలూ వేరవుతాయి, ఒక్కోసారి పాత డిస్ట్రిబ్యూషన్‌కు చేసిన బిల్డు కొత్తదానికి చేసిన బిల్డుకంటే పెద్ద సంఖ్యతో ఉండవచ్చు. ఫెడోరాలో ఒక విడుదల నుంచి మరొకదానికి మారేటప్పుడు డీఎన్‌ఎఫ్ సిస్టమ్-అప్‌గ్రేడ్ ఉన్న ప్యాకేజీలను కొత్త విడుదలలోని వెర్షన్లకే సరిచేస్తుంది, అవసరమైతే వెనక్కి కూడా తెస్తుంది కాబట్టి దీనివల్ల పెద్దగా నష్టం లేదు. అయినా నా అభిప్రాయంలో వీలైనంతవరకు బ్రాంచ్‌లను విడిపోనివ్వకపోవడమే మేలు. డిస్ట్రిబ్యూషన్ల మధ్య తేడాలను స్పెక్ లోపలే షరతులుగా రాసి, ఫెడోరా బ్రాంచ్‌లో చేసిన కమిట్లను మిగతా రెండింటిలోకి ఫాస్ట్-ఫార్వర్డ్‌గా, అంటే కొత్త కమిట్ ఏదీ చేర్చకుండా, తీసుకుపోతే మూడు చోట్లా ఒకే చరిత్ర, ఒకే సంఖ్య ఉంటాయి. చివర చేరే, డిస్ట్రిబ్యూషన్‌ను తెలిపే ఎఫ్‌సీ, ఈఎల్ గుర్తు మాత్రమే వేరుగా ఉంటుంది. మీ కాన్‌ఫ్లిక్టులు అసలు అప్పుడే పూర్తిగా పోతాయి.

మార్పిడి పని చిన్నదే. ఆర్‌పీఎం‌ఆటోస్పెక్‌లోని కన్వర్ట్ ఆదేశం పాత పద్దులన్నిటినీ నేను పైన చెప్పిన చేంజ్‌లాగ్ ఫైలులోకి తరలించి, స్పెక్‌లోని రెండు చోట్లనూ మార్చి, కమిట్ కూడా చేసి పెడుతుంది. ముందు తరాలవారు రాసిన ఒక్క పద్దు కూడా పోదు. తొందరపడకుండా చూడవలసింది ఆ తరువాతే. ఇప్పుడు లెక్కకు వచ్చిన సంఖ్య, సర్వర్లలో ఉన్న సంఖ్యకంటే పెద్దదేనా? మీలో ఎవరైనా గతంలో ఒకే కమిట్‌లో రిలీజ్‌ను రెండు మూడు అంకెలు పెంచి ఉంటే, లేదా రిపాజిటరీని మధ్యలో ఎక్కడి నుంచో దిగుమతి చేసుకుని ఉంటే, లెక్క తక్కువగా రావచ్చు. అప్పుడు %ఆటోరిలీజ్ పక్కన బేస్ సంఖ్యను పేర్కొనే ఆప్షన్ ఇచ్చి లెక్కను పైనుంచి మొదలుపెట్టించండి, తరువాతి వెర్షన్ రాగానే దాన్ని తీసేయండి. అనుమానం ఉన్నచోట రెండు సంఖ్యలనూ ఆర్‌పీఎండెవ్-వెర్‌క్మ్ప్ అనే చిన్న పనిముట్టుకు ఇస్తే ఏది పెద్దదో చెబుతుంది.

ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 యంత్రం మీద ఈ పనిముట్టు ఉందా లేదా అన్న చింత మీకు అక్కరలేదు. ఫెడోరా యంత్రం మీదే స్పెక్‌ను ముందుగా ప్రాసెస్ చేయించి, సోర్స్ ఆర్‌పీఎం (సోర్సు, స్పెక్ కలిపిన కట్ట) తయారుచేసి, దాన్ని మాక్ అనే బిల్డు పనిముట్టుతో 8కీ 9కీ బిల్డు చేయవచ్చు. ప్రాసెస్ అయిన స్పెక్‌లో లెక్కించిన సంఖ్య, పూర్తి చేంజ్‌లాగ్ అప్పటికే చేరి ఉంటాయి. కానీ ఎవరైనా అలవాటు కొద్దీ అసలు స్పెక్‌ను నేరుగా ఆర్‌పీఎంబిల్డ్‌కు ఇస్తే, ఆ రెండు % మాటలకు అర్థం చెప్పే మాక్రోలు ఉన్న యంత్రంలో రిలీజ్ 1గా వస్తుంది, చేంజ్‌లాగ్‌లో లోకల్ బిల్డ్ అన్న ఒక్క పద్దే ఉంటుంది. అటువంటి ప్యాకేజీ మీ రిపాజిటరీలోకి రాకుండా, ఆ పద్దు కనిపిస్తే తిరస్కరించే తనిఖీ ఒకటి పెట్టుకోండి.

ఇంకా విడుదల కాని వెర్షన్ల విషయం క్లుప్తంగా చెబుతాను. 2.0 విడుదలకు ముందు వచ్చే ఆర్‌సీ1ను (తుది విడుదలకు ముందరి పరీక్షా వెర్షన్‌ను) వెర్షన్‌లోనే టిల్డె (~) గుర్తుతో రాయండి. ఆర్‌పీఎం 4.10 నుంచి టిల్డె ఉన్న వెర్షన్ అది లేనిదానికంటే చిన్నదిగా లెక్కకు వస్తుంది, కాబట్టి రిలీజ్‌ను 0తో మొదలుపెట్టే పాత ఉపాయం అవసరం లేదు.

సోర్సు, స్పెక్ ఒకే చోట ఉన్న ఆ రెండు ప్యాకేజీలకు మాత్రం ఆర్‌పీఎం‌ఆటోస్పెక్‌ను వాడకండి. అది ప్యాకేజింగ్ ఫైళ్లు మాత్రమే ఉన్న రిపాజిటరీని ఉద్దేశించి తయారైనది. మీ ప్రోగ్రామర్లు రోజూ చేసే కోడ్ కమిట్లన్నీ రిలీజ్ సంఖ్యలోకీ చేంజ్‌లాగ్‌లోకీ వచ్చిపడతాయి. వాటికి టిటో అనే పనిముట్టు సరిపోతుంది. ట్యాగ్ (గిట్‌లో విడుదలను గుర్తించే పేరు) వేయమని మీరు చెప్పినప్పుడే అది గత ట్యాగ్ నుంచి ఉన్న కమిట్లను చేంజ్‌లాగ్‌లోకి తెచ్చి, దిద్దుకోవడానికి ఎడిటర్‌ను తెరిచి, మీరు సేవ్ చేశాక వెర్షన్‌ను గానీ రిలీజ్‌ను గానీ పెంచి, కమిట్, ట్యాగ్ చేస్తుంది. మీ సీనియర్ ఈ దశలో తానే చదివి సరిచేస్తానంటే ఇంకా మంచిది.

మొదట ఎవరి సర్వర్‌నూ ఇబ్బంది పెట్టని, తరచుగా మారే ఒక ప్యాకేజీని ఎంచుకుని, రెండు మూడు విడుదలల పాటు తయారైన చేంజ్‌లాగ్‌ను ముగ్గురూ కలిసి చదవండి. ఏ పద్దు మీకే అర్థం కాలేదో ఆ కమిట్‌ను ఎవరు రాశారో చూసి, ఆ శీర్షిక ఎలా ఉండి ఉంటే బాగుండేదో అక్కడికక్కడే తిరిగి రాసి చూసుకోండి. మిగతా ప్యాకేజీలను ఆ తరువాత మార్చవచ్చు.